అవధానం: చెవికీ చేతికీ నడుమ మెదడు

అవధానమంటే మనస్సును ఒకచోట నిలుపుట. ఉర్దూలో దీనికి సరితూగే మాట 'తవజ్జో'. తరగతిలో ఉపాధ్యాయుడు 'గౌర్ సే సునో' అని హెచ్చరించినా, 'శ్రద్ధగా వినండి' అని హెచ్చరించినా ఆయన కోరేది ఒక్కటే: ఏకకాలంలో చెవినిబడుతున్న నానా శబ్దాలలో ఒకదానిని ఎన్నుకొని తక్కినవాటిని వదలివేయమని. ఈ ఎన్నిక జరిగేది చెవిలోనా, మెదడులోనా? ఎన్నుకొన్న శబ్దం చేతిని, కాలిని ఎట్లు కదిలిస్తుంది? వినికిడి, కదలిక ఒకదానికొకటి తోడ్పడేదెప్పుడు, అడ్డుతగిలేదెప్పుడు? గడచిన డెబ్బది సంవత్సరాలలో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నలకు కొంతమేరకు సమాధానాలు రాబట్టగలిగారు. వాటిని మన విద్యార్థులకు పరిచయం చేయుటే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగువారికి ఈ విషయం బొత్తిగా కొత్తది కాదు. అష్టావధానంలో ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టుముడతారు. ఒకరు సమస్య నిస్తారు, ఒకరు అక్షరాలను నిషేధిస్తారు, మరొకరు సంబంధంలేని మాటలతో ఆయన ధ్యాసను చెడగొట్టజూస్తారు. అందరికంటె అల్పంగా కనిపించే పని ఘంటాగణనం. ఒకరు తమకు తోచినప్పుడు, తోచినన్నిసార్లు గంట మ్రోగిస్తారు. అవధాని పద్యాలు చెబుతూనే ఆ మ్రోతలను లోలోపల లెక్కించి, చివరకు మొత్తం ఎన్నో చెప్పాలి. పాండిత్యం లేనివారికి కూడా ఇది సులభమేననిపిస్తుంది. కాని సభలో కూర్చున్నవారిలో ఎందరు ఆ లెక్కను చివరిదాకా నిలుపుకోగలరో ప్రయత్నించి చూచినవారికే తెలుస్తుంది. మన జిల్లాకు సన్నిహితులైన తిరుపతి వేంకటకవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, విశ్వనాథ సత్యనారాయణ వంటివారికి గురువులైనారు. ఆ జంటకవులు ఊరూరా జరిపిన అవధానాలను నాటి ప్రజలు సరస్వతీ ప్రసాదంగా కొనియాడారు. నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అదే సభలో కూర్చుంటే ఆయనకు మొదట కనిపించేది ఆ గంటయే.

పాశ్చాత్య దేశాలలో ఈ పరిశోధనకు నాంది పలికినది 1953లో కోలిన్ చెర్రీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. పదిమంది ఒకేసారి మాట్లాడుతున్న గదిలో మనం ఒకరి మాటనే ఎట్లు పట్టుకోగలుగుతున్నామని ఆయన ప్రశ్న. మనవైపు అందుకు మంచి ఉదాహరణ మామిడి సంత. వేసవిలో విజయవాడ సమీపాన నున్న మార్కెట్టుకు వెళ్లినవారు లారీల మ్రోత, హమాలీల కేకలు, దళారుల బేరాల నడుమ రైతు తన సరుకుకు పలికిన ధరను మాత్రం తప్పక వినడం గమనించి ఉంటారు. పక్కవాని బంగినపల్లి ధర ఆయన చెవిలో పడుతూనే ఉంటుంది, కాని మనస్సుకు ఎక్కదు.

చెర్రీ చేసిన ప్రయోగం చాలా సరళం. ఒక్కొక్క చెవికి ఒక్కొక్క ప్రసంగం వినిపించి, ఒక చెవిలోని ప్రసంగాన్ని వెంటవెంటనే బిగ్గరగా పలుకమన్నారు. తరువాత రెండవ చెవిలో ఏమి వినబడిందని అడిగితే, పురుష కంఠం స్త్రీ కంఠంగా మారినప్పుడు గుర్తించినవారే, ఆ ప్రసంగం మధ్యలో ఇంగ్లీషు నుండి జర్మను భాషలోకి మారిన సంగతి గుర్తించలేకపోయారు. శబ్దం లోపలికి వెళ్లినది, అర్థం వెళ్లలేదు. తెలుగులో 'పెడచెవిని పెట్టడం' అనే పలుకుబడి ఉన్నది. దానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానం దొరకదు. 1959లో నెవిల్ మోరే మరొక విశేషం గమనించాడు. ఆ పెడచెవిలో వినేవాని పేరే పలికితే మూడవ వంతుమంది దానిని పట్టుకొన్నారు. అంటే మూసిన తలుపుకు సందు ఉన్నదన్నమాట. తల్లి గాఢనిద్రలో ఉరుముకు కూడా లేవక, బిడ్డ మూలిగినంతనే లేవడం మనం ఎరిగినదే.

ఇంతవరకు పరిశోధకులు మనిషి చెప్పినదానిపై ఆధారపడ్డారు. మెదడునే అడగడానికి యంత్రాలు కావలసివచ్చినవి. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మానవుని తలపై నుండి మెదడు విద్యుత్తరంగాలను గుర్తించి, 1929లో ప్రకటించాడు. ఇదే ఇ.ఇ.జి. 1973లో అమెరికాకు చెందిన స్టీవెన్ హిల్యార్డ్, ఆయన సహచరులు దీని సాయంతో చెవిలోని ఎన్నికను పట్టుకొన్నారు. రెండు చెవులకు వేర్వేరు స్వరాలు వినిపించి ఒక చెవినే గమనించమన్నారు. గమనించిన చెవిలో స్వరం పలికిన తరువాత సెకనులో ఇంచుమించు పదవ వంతు గడిచేసరికి మెదడులో లేచే తరంగం, గమనించని చెవి తరంగం కంటె ఎత్తుగా వచ్చినది. శబ్దాలు ఒకటే, చెవులు ఒకటే. మారినది మనస్సు పెట్టిన చోటు మాత్రమే. మనస్సు నిర్ణయం ఇంత త్వరగా, ఇంత క్రింది మెట్టుమీదనే పనిచేస్తుందని అంతకుముందు ఇంత స్పష్టంగా ఎవరూ చూపలేదు.

ఇ.ఇ.జి. కాలాన్ని చక్కగా చెబుతుంది, స్థలాన్ని చెప్పలేదు. ఆ కొరత తీర్చినది ఎఫ్.ఎం.ఆర్.ఐ. అనే పద్ధతి. మెదడులో పనిచేస్తున్న భాగానికి రక్త ప్రవాహం పెరుగుతుంది. ప్రాణవాయువుతో కూడిన రక్తానికి, అది తగ్గిన రక్తానికి అయస్కాంత గుణంలో భేదం ఉన్నది. ఈ భేదమే చిత్రాన్ని ఇస్తుందని 1990లో సెయిజీ ఒగావా జంతువులలో చూపగా, 1992లో అనేక బృందాలు మానవులలో చూపగలిగినవి. కపాలం తెరువనక్కరలేదు, మందు ఎక్కించనక్కరలేదు. విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఈ యంత్రం చూచేది ఆలోచనను కాదు, రక్తాన్ని. నాడీకణం పనిచేసిన నాలుగైదు సెకనులకు గాని రక్తంలో మార్పు శిఖరానికి చేరదు. కాలువ గేటు ఎత్తిన కొంతసేపటికి గాని చివరి చేనుకు నీరు అందనట్లే ఇది కూడ.

ఇందులో ఒక వినోదం ఉన్నది. వినికిడిని గూర్చి పరిశోధించవలసిన ఈ యంత్రమే భయంకరమైన మ్రోత చేస్తుంది. కదలికను గూర్చి పరిశోధించవలసిన ఈ యంత్రంలోనే తల వెంట్రుకవాసి కదిలినా చిత్రం చెడిపోతుంది! సమ్మెటలు కొడుతున్న కమ్మరి కొలిమిలో కూర్చుండబెట్టి వీణ వినిపించి పరీక్షించినట్లు ఉంటుంది పరిస్థితి. పరిశోధకులు దీనికి తెలివైన ఉపాయం పన్నారు. రక్తం ఆలస్యంగా వస్తుందన్నాము గదా. యంత్రాన్ని కొన్ని సెకనులు నిశ్శబ్దంగా ఉంచి, ఆ నిశ్శబ్దంలో శబ్దం వినిపించి, దానికి తగిన రక్తం చేరే సమయానికి ఒక్కసారి చిత్రం తీస్తారు. 1990 దశకం చివర ఈ పద్ధతి వాడుకలోకి వచ్చినది. లోపంగా తోచిన ఆలస్యమే ఇక్కడ ఉపకరించినది. కదలిక విషయంలో మాత్రం తలను మెత్తలతో బిగించి, చేతి వ్రేళ్లను మాత్రమే ఆడించనిస్తారు. అందుచేతనే కదలికను గూర్చిన చిత్రాలలో అధికభాగం వ్రేళ్ల కదలికకు చెందినవై ఉంటవి. నాగలి పట్టినవానినో, చెట్టెక్కి చిక్కంతో కాయ కోస్తున్నవానినో ఈ యంత్రంలో పరీక్షించే వీలు లేదు.

వినికిడిలో ఎన్నిక ఎంత గట్టిదో చూపిన మరొక ప్రయోగం 2012లో అమెరికాలో జరిగినది. మూర్ఛవ్యాధికి శస్త్రచికిత్స చేయించుకొనే రోగుల మెదడు ఉపరితలంపై వైద్యులు తాత్కాలికంగా విద్యుత్ సూచికలను అమర్చి ఉంచుతారు. నిమా మెస్గరాని, ఎడ్వర్డ్ చాంగ్ అనే ఇద్దరు అట్టి రోగులకు ఇద్దరి మాటలు కలిపి వినిపించి, ఒకరినే వినమన్నారు. వినికిడి ప్రాంతపు సంకేతాల నుండి తిరిగి శబ్దాన్ని రూపొందించగా, అది ఆ ఒక్కరి మాట ఒంటరిగా వినిపించినప్పటి రూపాన్నే పోలి ఉన్నది. రెండవవాని మాట చాలవరకు మరుగున పడిపోయినది. చెవిటితనం గలవారు వాడే యంత్రాలు చాలావరకు కోరిన కంఠంతోపాటు తక్కిన శబ్దాలనూ పెద్దవి చేస్తవి. బంధువులు పదిమంది మాట్లాడే పెండ్లి ఇంట్లో మన పెద్దలు ఆ యంత్రాన్ని తీసి జేబులో వేసుకోవడానికి కారణం ఇదే. చెవి పెద్దదైనది గాని ఎన్నుకొనే పని తేలిక కాలేదు. వినేవాని మెదడు ఎవరిని కోరుకొంటున్నదో తెలుసుకొని ఆ ఒక్క కంఠాన్నే పెంచే యంత్రానికై ప్రయత్నాలు సాగుతున్నవి.

ఇక కదలిక. 1870లో బెర్లిన్‌లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు వైద్యులు కుక్క మెదడుపై ఒక ప్రాంతాన్ని విద్యుత్తుతో తాకినప్పుడు ఎదుటివైపు కాళ్లు కదలడం చూచారు. 1937 నాటికి కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ మానవ మెదడుపై ఏ భాగం ఏ అవయవాన్ని కదిలిస్తుందో పటం గీశాడు. ఆ పటంలో నడుముకు దక్కిన చోటు స్వల్పం. చేతికి, పెదవులకు, నాలుకకు దక్కినది మిక్కిలి విశాలం. కాని ఆజ్ఞ ఇచ్చేవాడు వేరు, ఆలోచన సిద్ధంచేసేవాడు వేరు. 1980లో రోలాండ్, ఆయన డెన్మార్కు సహచరులు వ్రేళ్లను ఒక క్రమంలో కదిలించమన్నప్పుడు మెదడు పైభాగాన ఉన్న అనుబంధ చలన ప్రాంతానికి, చలన ప్రాంతానికి కూడ రక్తం పెరిగినది. కదలించక మనస్సులో ఊహించమన్నప్పుడు మొదటిదానికి మాత్రమే పెరిగినది. నర్తకి కూర్చొని కన్నులు మూసుకొని అడుగులు మననం చేసుకోవడం వ్యర్థం కాదన్నమాట.

ఈ రంగంలో మన తెలుగువారి కృషి చెప్పుకోదగినది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోను, తరువాత అక్కడి ట్రిపుల్ ఐటీలోను ఆచార్యులుగా పనిచేసిన సూరంపూడి బాపిరాజుగారు, జపాన్ శాస్త్రజ్ఞుడు కెంజి దోయా మొదలగువారితో కలిసి, మీటలు నొక్కే వరుసను మనుష్యులు ఎట్లు నేర్చుకొంటారో పరిశోధించారు. ఆ ఫలితాలు 2000లోను, ఎఫ్.ఎం.ఆర్.ఐ. చిత్రాలతో 2006లోను వెలువడినవి. వరుసను నేర్చుకొన్న తరువాత మీటల పలకను త్రిప్పిపెట్టి, ఒకసారి చూపుకు వరుస అదే అయి వ్రేళ్ల కదలిక మారేటట్లు, మరొకసారి వ్రేళ్ల కదలిక అదే అయి కనిపించే వరుస మారేటట్లు ఏర్పాటు చేశారు. తేలినదేమంటే, నేర్చుకోవడం రెండు మార్గాలలో సాగుతుంది. ఏ అవయవానికీ కట్టుబడని స్థూల జ్ఞానం త్వరగా వస్తుంది. ఆ వ్రేళ్లకే చెందిన పనితనం నెమ్మదిగా, అభ్యాసం సాగినకొద్దీ వస్తుంది. రెండింటికీ మెదడులో ఆధారమైన యంత్రాంగాలు కొంతవరకు వేరు. టైపు నేర్చుకొన్న విద్యార్థులు దీనిని స్వానుభవంతో గుర్తిస్తారు. అక్షరం ఎక్కడున్నదని అడిగితే తడుముకొంటారు, వ్రేలు మాత్రం తిన్నగా అక్కడికే పోతుంది. మన విద్యార్థులలో మెదడు శాస్త్రంపై ఆసక్తి గలవారు వైద్యవిద్య ఒక్కటే మార్గమని అనుకొంటారు. బాపిరాజుగారు వచ్చినది గణక శాస్త్రం వైపు నుండి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రమే ఉన్నది; భాష, గణితం, మనస్తత్వం చదివినవారికి కూడా అక్కడ పని ఉన్నది.

వినికిడి, కదలిక అనే రెండు త్రోవలు కలిసేచోటే నాకు అన్నిటికంటె ఆసక్తికరం. రాత్రివేళ మామిడితోటకు కావలి కాచేవాడు ఎండుటాకులపై నడుస్తూ ఏదో అలికిడి తోచగానే టక్కున నిలబడిపోతాడు. తన అడుగుల చప్పుడు ఎదుటి అలికిడిని కప్పివేస్తుందనే నిలబడతాడని మనం అనుకొంటాము. అది నిజమే, కాని సగమే. 2014లో అమెరికాలో రిచర్డ్ మూనీ పరిశోధనాలయం ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో, జంతువు కదిలేటప్పుడు మెదడులోని చలన ప్రాంతం వినికిడి ప్రాంతానికి నేరుగా సంకేతం పంపి దాని స్పందనను తగ్గిస్తుందని తేలినది. కదిలే జంతువుకు కొంత చెవుడు దానికదే వస్తుంది. తన చప్పుడుతో తానే బెదరకుండా ఉండుటకు ఇది ఉపకరిస్తుంది కాబోలు. ఎలుకకు చెప్పినది మనిషికి ఎంతవరకు వర్తిస్తుందో జాగ్రత్తగా చూడాలి గాని, తోటకాపరి నిలబడటంలోని రహస్యం ఇందులో కొంత ఉన్నదని నేను భావిస్తాను.

ఇది ఒక దిశ. రెండవ దిశలో శబ్దమే కదలికకు ప్రాణం పోస్తుంది. 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ అనే పరిశోధకులు వినేవారిని కదలక పడుకోబెట్టి తాళగతి స్పష్టంగా ఉన్న శబ్దాలను వినిపించారు. చేయి, కాలు ఆడలేదు. అయినా చిత్రాలలో కదలికకు సంబంధించిన అనుబంధ చలన ప్రాంతం, మెదడు లోతులోని ఆధార గండికలు చైతన్యం పొందినవి. డప్పు మ్రోత వినగానే పిల్లవాని పాదం తానే ఆడుతుందని మనకు తెలుసు. పాదం ఆడనప్పుడు కూడ మెదడు ఆడుతుందని వీరు చూపారు. పార్కిన్సన్ వ్యాధిలో చెడిపోయేది ఈ ఆధార గండికల వ్యవస్థయే. అట్టి రోగి అడుగు పడక గడపవద్ద నిలిచిపోతాడు. క్రమమైన తాళం వినిపిస్తే అదే రోగి నడక మెరుగవుతుందని 1990 దశకం నుండి వైద్యులు గమనిస్తూ వచ్చారు. ఇంట్లో ఇట్టి పెద్దలు ఉన్నవారు వైద్యుని సలహాతో దీనిని ప్రయత్నించవచ్చును. చప్పట్లకు ఖర్చు లేదు.

మన కళారూపాలు ఈ దృష్టితో చూస్తే కొత్తగా కనిపిస్తవి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్‌గారు బుర్రకథను మహోన్నత స్థితికి తెచ్చి, 1986లో పద్మశ్రీ అందుకొని, 1997లో కన్నుమూశారు. కథకుడు భుజాన తంబురా మీటుతాడు, బొటనవ్రేలి అందెను తాళానికి తగినట్లు తాకిస్తాడు, గజ్జెల కాళ్లతో ముందుకు వెనుకకు అడుగువేస్తాడు, పాడుతాడు, కథ చెబుతాడు, వంతల ప్రశ్నలకు బదులిస్తాడు. ఘంటాగణనంలో అవధాని వింటూ చెబుతాడు. ఇక్కడ కథకుడు వింటూ, చెబుతూ, కదులుతాడు. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచున నిలిచి మృదంగానికి జవాబు చెబుతుంది. ఇన్ని పనులు ఒకేసారి ఎట్లు సాధ్యం? చేసే పనులన్నీ ఒకే తాళానికి కట్టుబడి ఉండటం ఒక కారణం. ఏళ్ల తరబడి సాధన చేత చేతిపని శ్రద్ధను కోరని స్థితికి చేరడం మరొక కారణం. శ్రద్ధ అంతా కథకు మిగిలిపోతుంది.

ఈ ఉదాహరణలు చూపి 'మేమూ ఒకేసారి రెండు పనులు చేయగలము' అనే విద్యార్థులు ఉన్నారు. వారికి 2008లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మార్సెల్ జస్ట్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన చెప్పవలసి ఉన్నది. 29 మందిని యంత్రంలో పడుకోబెట్టి, తెరపై కనిపించే వంకర రోడ్డు వెంబడి కృత్రిమ వాహనాన్ని నడిపించమన్నారు. కొంతసేపు నిశ్శబ్దంగా, కొంతసేపు వాక్యాలు వింటూ అవి నిజమో అబద్ధమో చెబుతూ నడిపారు. వింటున్నప్పుడు వాహన చోదనకు తోడ్పడే పార్శ్వ ఖండపు చైతన్యం 37 శాతం తగ్గినది. వాహనం దారి అంచులను తాకడం పెరిగినది. వారి చేతిలో ఫోను లేదు, చెవిలో మాట మాత్రమే ఉన్నది. మన చట్టం సంగతి చూడండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చేతబట్టిన ఫోనును ప్రమాదకర చోదనగా ఎంచినది. చెవిలో అమర్చుకొన్న మీట మాట ఎత్తలేదు. చట్టం చేతిని చూచినది, మెదడును చూడలేదు. వేసవిలో మామిడి లారీలు బారులుతీరే నూజివీడు రోడ్డుపైన, తిరువూరు రోడ్డుపైన చెవిలో పాటలతో, సంభాషణలతో మోటారు సైకిళ్లపై కళాశాలకు వచ్చే మన విద్యార్థులకు ఈ తేడా ప్రాణంతో సమానం. పక్కన కూర్చున్నవానితో మాట్లాడటం వేరు కాదా అని అడుగుతారు. కొంత వేరే. పక్కవాడు కూడ రోడ్డు చూస్తాడు, లారీ ఎదురైతే తానే మాట ఆపుతాడు. ఫోనులో మాట్లాడేవానికి లారీ కనిపించదు. కళాశాల కమిటీవారు ఆవరణ ద్వారంవద్ద తలకవచాన్ని తనిఖీ చేయించడంతోపాటు చెవులను కూడ తనిఖీ చేయిస్తే మంచిదని నా మనవి.

చిత్రాల మహిమ ఇంత చెప్పిన తరువాత వాటి పరిమితి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రంగురంగుల మెదడు చిత్రం చూడగానే అది ఫోటో అని భ్రమపడతాము. అది వేలాది కొలతలపై గణిత శాస్త్రం వేసిన లెక్క. 2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్, ఆయన మిత్రులు చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో పెట్టి మనుష్యుల బొమ్మలు చూపించి, లెక్కలో తగిన సవరణ చేయకపోతే ఆ చేప మెదడు కూడ 'ఆలోచిస్తున్నట్లు' చిత్రం వస్తుందని నిరూపించారు. హాస్యంగా చేసిన ఆ ప్రయోగం చాలామంది పరిశోధకులను తమ లెక్కలు సరిచూచుకొనేటట్లు చేసినది.

మన దేశంలో ఇది హాస్యంతో ఆగలేదు. 1965లో సటన్ మొదలగువారు మరొక తరంగాన్ని కనుగొన్నారు. ఊహించని శబ్దమో, మనకు పట్టింపు గల శబ్దమో వినబడిన సుమారు మూడువందల మిల్లీ సెకనులకు అది లేస్తుంది. పేరు పి-300. దీని ఆధారంగాను, దీనిని పోలిన పద్ధతులతోను నిందితుని తలకు తీగలు తగిలించి, నేరాన్ని గూర్చిన వాక్యాలు వినిపించి, అతని మెదడు వాటిని 'ఎరుగునా' అని పరీక్షించడం మన నేర పరిశోధనశాలలలో ఆరంభమైనది. 2008లో పుణె న్యాయస్థానం ఒక హత్యకేసులో యావజ్జీవ శిక్ష విధించినప్పుడు ఇట్టి పరీక్షను కూడ ఒక ఆధారంగా స్వీకరించినది. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడ్డారు. పట్టింపు గల శబ్దానికి తరంగం లేస్తుందనుట నిజం. ఆ పట్టింపు నేరం చేసినందువలననా, పత్రికలో చదివినందువలననా, పోలీసులు పదేపదే అడిగినందువలననా అనేది తరంగం చెప్పదు. ఉరుముకు లేవని తల్లి బిడ్డ మూలుగుకు లేస్తుంది. ఆమె లేవడం చూచి బిడ్డను ఏడిపించినది ఆమెయేనని తీర్పు చెప్పగలమా?

2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో తీర్పు చెప్పినది. సమ్మతి లేకుండా నార్కో పరీక్ష, అసత్య శోధన, మెదడు విద్యుత్ పరీక్ష జరుపరాదని, అది తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేటట్లు బలవంతపెట్టరాదన్న రాజ్యాంగం 20వ అధికరణం మూడవ ఖండానికి, వ్యక్తి స్వేచ్ఛను రక్షించే 21వ అధికరణానికి విరుద్ధమని ప్రకటించినది. నోరు తెరవకపోయినా మెదడు స్పందన కూడ సాక్ష్యం చెప్పడం వంటిదేనని న్యాయమూర్తులు భావించారు. నిందితుడు స్వయంగా అంగీకరించిన సందర్భంలో కూడ పరీక్ష ఫలితాన్ని సాక్ష్యంగా తీసుకోరాదు; దానివలన తరువాత బయటపడిన వస్తువునో, సమాచారాన్నో మాత్రం చట్ట ప్రకారం పరిశీలించవచ్చును. అంగీకారాన్ని మేజిస్ట్రేటు ఎదుట, న్యాయవాది అందుబాటులో ఉండగా నమోదు చేయాలి.